బారువ ఇసుకలో సామేలు మాస్టారు

గోధుమ తవుడులో బెల్లం చితక్కొట్టి వేసి, గుప్పెడు ఉప్పు చల్లి, మరిగిన నీళ్ళు పోసి గోనెపట్టా కప్పితే కాసేపటికి ఆ పట్టా అంచుల్లోంచి ఒక వాసన వస్తుంది. పాయసం గుర్తొస్తుంది గాని పాయసం కాదు. అందులో ఎండుగడ్డి ఉంటుంది, తోలు ఉంటుంది, గుర్రపు చెమట ఉంటుంది. పందెంలో పరిగెత్తి వచ్చిన గుర్రానికి మర్నాడు, దెబ్బతిన్న గుర్రానికి ఎప్పుడైనా పెట్టే మేత అది. నిన్న పొద్దున్న హైదరాబాదులో మా లాయంలో ఆ పట్టా ఎత్తగానే ఆవిరి మొహాన కొట్టింది. మరి నాకు అక్కడ నిలబడ బుద్ధి కాలేదు. బకెట్టు మనిషి చేతికిచ్చి బయటికి వచ్చి, ఊరికే లాయం చుట్టూ తిరిగాను. నాకు ఆ వాసన మొదటిసారి తగిలింది బారువ సముద్రపు ఒడ్డున, జీడితోటలోని రేకుల షెడ్డులో. తవుడులో మోచేతిదాకా చెయ్యి పెట్టి కలుపుతూ, తలెత్తకుండానే, "ఎవులది, తోట వోళ్ళ పిల్లా? అలగ నిలబడిపోనావేటి? ఆ బెల్లం ఇలగ అందుకో" అన్నారు ఒకాయన. ఆయనే సామేలు మాస్టారు.

ఆయన్ని చూడని వాళ్ళకు ఎలా చెప్పాలి? పొట్టి మనిషి, నా భుజం దాకా వస్తారేమో. దొడ్డికాళ్ళు, వెడల్పాటి ఛాతీ, ఎండకు కమిలి ఇటుక రంగు తిరిగిన మెడ. ఎప్పుడూ ఇస్త్రీ చేసిన ఖాకీ ప్యాంటు, కింద హవాయి చెప్పులు. ఒక్కచోట నిలవడం ఆయనకు చేతనయ్యేది కాదు. మాట్లాడుతూ నడిచేవారు, తింటూ నడిచేవారు. చర్చికి వెళితే ఆఖరి బల్ల దగ్గరే ఉండేవారట. పాట పూర్తయ్యేలోగా గుమ్మం దాకా ఒకసారి పోయి వచ్చేవారని టెక్కలిలో ఉన్న ఆయన చెల్లెలు చెప్పి నవ్వేది. "మా అన్నయ్యకి కుర్సీ అంటే కుక్క కరిసినట్టుంటాది" అనేది.

టెక్కలిలో వాళ్ళది బాప్టిస్టు కుటుంబం. తండ్రి టెక్కలి నుంచి నౌపడ స్టేషనుకు జట్కా తోలేవాడు. బస్సులు ఎక్కువై, జట్కా ఎక్కేవాళ్ళు లేకుండా పోయాక ఆయన గుర్రాన్ని అమ్ముకున్నాడు. కొన్న వ్యాపారి వెంట గుర్రంతో పాటు కొడుకూ వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళారని ఒకసారి అడిగితే మాస్టారు నా వంక వింతగా చూశారు. "గుర్రం ఎలిపోయాక ఆ ఊర్ల ఇంకెవుల్ని సూసుకొని ఉంటాను?" అన్నారు. అలా హైదరాబాదు చేరి, లాయాల్లో గుర్రాల్ని కడిగి, మేపి, బక్క ప్రాణం కాబట్టి జాకీ అయ్యి, వయసు మీద పడి ఒళ్ళు బరువెక్కాక సవారీ మానేసి శిక్షకుడయ్యారు. ఆయన తయారుచేసిన గుర్రాలు హైదరాబాదులో, బెంగుళూరులో, ఊటీలో పరిగెత్తాయి. పెద్ద పెద్ద కప్పులు గెలిచాయి. ఆ కప్పుల్లో ఒక్కటి కూడా ఆయన ఇంట్లో లేదు. అవి యజమానులవి.

శిక్షకుడంటే ఏం చేస్తాడని నన్ను చాలామంది అడుగుతారు. గుర్రం అతనిది కాదు, యజమానిది. దాన్ని ఎక్కి పరిగెత్తించేది అతను కాదు, జాకీ. ఆ ఇద్దరి మధ్యా తెల్లవారకముందే లేచి, ఈ గుర్రం ఇవాళ ఎంత దూరం పోవాలి, ఏం తినాలి, ఏ ఆదివారం పందేనికి దిగాలి, ముఖ్యంగా ఏ ఆదివారం దిగకూడదు అని తేల్చే మనిషి శిక్షకుడు. పందాలంటే మొహం చిట్లించేవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళతో నేను వాదించను. కాని మాస్టారు తన జన్మలో ఒక్క పందెం కాసిన మనిషి కాదు. ఆయన ఆదుర్దా అంతా ఆ నాలుగు కాళ్ళ గురించే.

మాది పలాసలో జీడిపప్పు వ్యాపారం. విశాఖపట్నంలో డిగ్రీ చదివి వచ్చాక నాన్న నన్ను ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చోబెట్టాడు. ఎదురుగా గాజు అద్దం, అద్దం అవతల పప్పు ఏరుతున్న ఆడవాళ్ళు, గుండ్లు వేరు, బద్దలు వేరు, ముక్కలు వేరు. పని కష్టమేమీ కాదు. నాన్న కూడా మంచివాడే. అయినా మధ్యాహ్నమయ్యేసరికి నాకు అరికాళ్ళలో ఏదో పాకుతున్నట్టుండేది. ఏదో వంకతో లేచి గోదాము దాకా పోయి వచ్చేదాన్ని. ఆ రోజుల్లోనే పెద్ద గాలివాన వచ్చి మా తీరపు తోటల సీమ ఉద్దానమంతా తిరగబడింది. బారువ దగ్గర మా తోటలో కొబ్బరిచెట్లు సగానికి పైగా కూలిపోయాయి. జీడిచెట్లు వేళ్ళతో సహా లేచాయి. ఎవరూ అడగని ఆ మొండి తోటను కౌలుకిమ్మని ఒకాయన వచ్చాడని, గుర్రాలకట అని, నాన్న భోజనాల దగ్గర నవ్వుతూ చెప్పాడు. "టెక్కిలి సామేలట. పిచ్చోడో మేధావో తెల్డం నేదు" అన్నాడు. షెడ్డు లేచి గుర్రాలు దిగాక ఆ పిచ్చివాణ్ణి చూడటానికే నేను వెళ్ళాను. వెళ్ళి బెల్లం అందించాను. ఆ తరవాత ఆఫీసులో నా కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది.

ఆయన తిరిగి రావడానికి కారణం మూత్రపిండాలు. మా ఉద్దానంలో ఆ జబ్బు లేని వీధి ఉండదు. కాని ఆయన చిన్నప్పుడే ఊరు వదిలిన మనిషి. ఎందుకు వచ్చిందో డాక్టర్లు చెప్పలేకపోయారు. ఆయన మాత్రం జాకీగా ఉన్న రోజుల్నే అనుమానించేవారు. బరువు పెరగకూడదని పందేనికి ముందు నీళ్ళు మానేసేవారట, రగ్గు కప్పుకొని ఎండలో పరిగెత్తి చెమట పట్టించేవారట. ఏదైతేనేం, రోజు విడిచి రోజు పలాసలో డయాలసిస్. భార్య ఏనాడో పోయింది, పిల్లలు లేరు. హైదరాబాదు లాయాన్ని తన పాత శిష్యుడికి అప్పగించి, పందెంలో కాళ్ళు దెబ్బతిన్న గుర్రాల్ని మాత్రం ఇక్కడికి తెప్పించుకోవడం మొదలుపెట్టారు. తడి ఇసుకలో నడక, మోకాలి లోతు ఉప్పునీళ్ళు, మందుల కంటే ఓపిక. బాగుపడినవి వెనక్కి వెళ్ళి పరిగెత్తేవి. బాగుపడనివి ఎవరో ఒకరి తోటలో మేస్తూ ఉండేవి.

ఆయన్ని బారువ నుంచి పలాస తీసుకువెళ్ళడం నా వంతయింది. సోంపేట దాటి హైవే ఎక్కేదాకా కారు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి తలుపు మీద దరువేస్తూనే ఉండేవారు. వార్డులో సూది గుచ్చి యంత్రం తిప్పాక ఆ చెయ్యి కదపకూడదు. ఇంక చూడాలి ఆయన అవస్థ. కాలు ఆడించేవారు, రెండో చేత్తో దుప్పటి అంచు మడతపెట్టి విప్పేవారు. నర్సమ్మ, "తాతగారూ, ఒక్క పాలి స్థిమితంగా ఉండలేరా?" అనేది. "నలభై ఏళ్ళు గుర్రాల్ని కదలకండా నిలబెట్టడం నేర్పినానమ్మా. నాకే రానేదు" అనేవారు. నా ఫోనుకు షెడ్డు దగ్గరి నూకరాజు వీడియో పంపాలి. నూకరాజు బారువ మత్స్యకారుడు, ఆయన గుర్రాల్ని చూసుకునే మనిషి. వీడియో రాగానే ఆయన నా మొహం ముందు పెట్టి, "సూడు. ఏటి కనిపిత్తంది?" అనేవారు. గుర్రం నడుస్తోంది అనేదాన్ని. "నడవకపోతే ఈత కొడతాదేటి? తల సూడు. ఏ కాలు ఏసినప్పుడు తల ఎత్తుతంది?" మళ్ళీ చూసేదాన్ని. ఏమీ కనిపించేది కాదు. మరోసారి, ఇంకోసారి. ఆ వార్డులో చుట్టూ మనుషులు నిస్త్రాణగా పడుకుని ఉంటే, మేమిద్దరం ఒక గుర్రం తల ఊపు గురించి గుసగుసగా దెబ్బలాడుకునేవాళ్ళం. ఒకరోజు ఉన్నట్టుండి నాకు కనిపించింది. కుడికాలు నేల మీద పడినప్పుడల్లా ఆ తల వెంట్రుకవాసి పైకి లేస్తోంది, నొప్పి తగిలిన మనిషి భుజం ఎగరేసినట్టు. చెప్పాను. ఆయన మెచ్చుకోలేదు. "అయితే ఆ గుర్రానికి రేపు నడక ఒద్దని నూకరాజుకి ఫోన్ సెయ్యి" అన్నారు. అంతకంటే మెచ్చుకోలు ఏముంటుందో నాకు ఆనాటికి తెలియదు.

ఆ జబ్బులో నీళ్ళు కూడా కొలిచి తాగాలి. వయసులో ఉన్నప్పుడు బరువు కోసం దాహంతో మాడారు, చివరికి మళ్ళీ దాహమే వచ్చింది. ఆయన దాని గురించి ఎప్పుడూ ఏడవలేదు. కాని పొద్దుటి నడక అయ్యాక గుర్రాలకు నీళ్ళు పెట్టే వేళకు మాత్రం ఎక్కడున్నా వచ్చేవారు. గుర్రం బకెట్టులో మూతి ముంచి గుటకలు వేస్తుంటే పక్కన నిలబడి, కళ్ళు మూసుకుని వినేవారు. ఆయన కదలకుండా నిలబడటం నేను చూసింది ఆ కాసేపే. ఒకసారి కళ్ళు తెరిచేసరికి నేను చూస్తున్నానని గమనించి, "బాగా తాగుతంది. కడుపులో నొప్పి నేదన్నమాట" అన్నారు, ఏదో పరీక్ష చేస్తున్నవాడిలా. నేను సరేనన్నాను.

మహేంద్రతనయ వచ్చింది ఆ మరుసటి ఏడు. బారువ దగ్గర సముద్రంలో కలిసే మా ఏటి పేరు అది. అంతకు కొన్నేళ్ళ ముందు హైదరాబాదులో మూర్తి గారనే యజమాని ఒక ఆడగుర్రం పిల్లను కొని పేరు పెట్టమంటే మాస్టారు ఈ పేరు పెట్టారట. ముదురు గోధుమ రంగు, నుదుట ఉప్పు చల్లినట్టు తెల్లటి మచ్చ, ఎవరి మాటా లెక్కచేయని చూపు. మేం తనయ అనేవాళ్ళం. లారీలోంచి దిగేటప్పుడే ఎడమ ముందుకాలు నేల మీద పూర్తిగా ఆనించలేదు. మోకాలికీ చీలమండకీ మధ్య, ఎముక వెనక తాడులా ఉండే స్నాయువు ఉంటుంది, మేం నరం అంటాం. పందెపు గుర్రానికి ప్రాణం అక్కడే. అది అరటిపండులా ఉబ్బిపోయి ఉంది. చూసిన డాక్టరు ఇది ఇంక పరిగెత్తదన్నాడు. మూర్తి గారు కూడా ఆశ వదులుకున్నారు. మాస్టారు మాత్రం దాని చుట్టూ తిరిగి, తిరిగి, "ఉండనీండి, సూద్దాం" అన్నారు.

ఆయన నాకు అసలు చదువు చెప్పింది తనయ కాలి మీదే. రోజూ పొద్దున్నే, ఎవరూ తాకకముందు, దాని పక్కన గొంతుక్కూర్చుని అరచెయ్యి ఆ నరం మీద ఆనించి కిందికి జార్చాలి. తరవాత రెండో కాలు. "రెండు కాళ్ళకీ తేడా సూడు. వేడెక్కడుంది, ఎంత మేర ఉంది, నిన్నటికీ ఈయేలకీ ఏటి మారింది. కంటికి కనిపించినాక అందరికీ తెలుస్తాది. అంతకు ముందు అరసేతికి తెలవాల." నేను చెప్పేదాన్ని. ఆయన వింటూ అటూ ఇటూ నడిచేవారు. మొదట్లో నా తరవాత తనూ కూర్చుని చూసేవారు. రానురాను అది మానేశారు. "నువ్వు సూసి సెప్పు" అనేవారు, అంతే. నన్ను నమ్ముతున్నారనుకుని నేను పొంగిపోయాను. వాన వచ్చి, చలి వచ్చి, ఎండ వచ్చి మళ్ళీ వాన వచ్చేసరికి తనయ నరం చల్లబడింది. ఇసుకలో నడక మెల్లగా దౌడైంది. నూకరాజు అల అంచున దాన్ని తోలుకుపోతుంటే వలలు లాగే మనుషులు పని ఆపి చూసేవారు. ఆ వేగాన్ని చూసి నాకు ఒళ్ళు జలదరించేది. ఆ తోటంతా, ఆ ఒడ్డంతా నాకు ఇరుకైపోయినట్టుండేది.

ఆ చలికాలం మాస్టారి ఆరోగ్యం దిగజారింది. గుండె బలహీనపడుతోందని, జాగ్రత్త అని డాక్టరు నాతో విడిగా చెప్పాడు. ఆయనతోనూ చెప్పి ఉంటాడు. ఎందుకంటే ఆ వారమే ఆయన మూర్తి గారికి ఫోన్ చేసి, తనయ తయారైంది, లారీ పంపండి, ఈ సీజన్‌లోనే దింపుదాం అన్నారు. నాకు మర్నాడు చెప్పారు.

లారీ వచ్చిన రోజు పొద్దున్న తనయ కాలి మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది. ఎక్కువ కాదు. రెండు వేళ్ళ మేర, నిద్రపోతున్న పిల్ల నుదురంత వెచ్చన. వాపు లేదు, కుంటు లేదు. మళ్ళీ చూశాను, రెండో కాలు చూశాను. బయట మాస్టారు లారీ అడుగున గడ్డి పరిపిస్తూ డ్రైవరును హడావుడి పెడుతున్నారు. వెళ్ళి చెప్పాను.

"ఎండకి" అన్నారు, ఆగకుండానే.

"షెడ్డులోనే ఉంది మాస్టారూ. ఎండ ఇంకా లోపలికి రాలేదు."

"అయితే నూకరాజు కట్టు బిగువుగా కట్టుంటాడు."

"నాను కట్టు కట్టనేదు బాబూ" అన్నాడు నూకరాజు దూరం నుంచే.

ఆయన గిరుక్కున తిరిగారు. అంతవరకు నా మీద ఎప్పుడూ గొంతు పెంచలేదు. "నువ్వెవుత్తివి నాకు సెప్పడానికి? నిన్నగాక మొన్న గుర్రం మొకం సూసినావు. పప్పు ఏరించుకోకండా ఇక్కడకొచ్చి నాకు పాఠం సెప్తావేటి?"

అయినా దారికడ్డంగా నిలబడ్డాను. "మీరు చెప్పిన పాఠమే మాస్టారూ. రెండు కాళ్ళకీ తేడా ఉంది. ఎక్కించకండి."

"ఎక్కిత్తాను. ఈ ఏడు కాకపోతే నాకు మరో ఏడు నేదు. తెలుసునా నీకు? నేదు!"

డ్రైవరు బీడీ ఆర్పేసి పక్కకు తప్పుకున్నాడు. మాస్టారు విసవిసా షెడ్డులోకి వెళ్ళి తనయ పక్కన కూలబడి, ఎడమకాలు మీద చెయ్యి వేశారు. చాలాసేపు ఉంచారు. కుడికాలు మీద వేశారు, మళ్ళీ ఎడమకాలు మీద. "సల్లగానే ఉంది" అన్నారు. ఆ మాట మాకు చెప్పినట్టు లేదు, తనను తను అడిగినట్టుంది. తన అరచెయ్యి తిప్పి చూసుకున్నారు. వేళ్ళు ముడిచి విప్పి చూసుకున్నారు. తరవాత నన్ను పిలిచారు. ఆ గొంతులో కోపం లేదు.

"ఇలగ రా కల్యాణమ్మా. నీ సెయ్యి ఇయ్యి." నా చేతిని తీసుకుని తనయ కాలికి ఆనించి, దాని మీద తన చెయ్యి పెట్టారు. "ఎక్కడ?"

"ఇక్కడ. ఇక్కడి నుంచి ఇంతవరకు."

"ఆ పక్క కాలు?"

"చల్లగా ఉంది."

ఆయన తల ఊపారు. "నా ఏళ్ళకి తెల్డం నేదమ్మా. సానా దినాలై తెల్డం నేదు. ఈ జబ్బు సచ్చిపోనాక గాని ఒగ్గదు గాని, ముందు ఏళ్ళని సంపేసింది."

నాకప్పుడు అర్థమైంది. నువ్వు చూసి చెప్పు, నువ్వు చూసి చెప్పు అని ఆయన ఇన్నాళ్ళూ అడిగినది పరీక్ష కాదు. ఆయనకు నిజంగా తెలియక అడిగారు. ఒక జీవితమంతా అరచేతితో బతికిన మనిషి, ఆ అరచెయ్యి మూగబోయిందని ఎవరికీ చెప్పలేక, నా చేతిని అరువు తెచ్చుకుని లాక్కొచ్చారు. ఆ కాలు పట్టుకునే కూర్చుండిపోయాను. తనయ మెడ వంచి ఆయన భుజం మీద ఊదింది. ఆయన లేచి బయటికి వెళ్ళి డ్రైవరుతో, "బండి తిప్పీ బాబూ. గుర్రం రాదు" అన్నారు. అక్కడి నుంచి నీళ్ళ అంచు దాకా నడిచి ఇసుకలో కూర్చున్నారు. ఎండ ఎక్కేదాకా అక్కడే కూర్చున్నారు. మధ్యాహ్నం టెక్కలి నుంచి పశువుల డాక్టరు వచ్చి స్కాన్ తీసి, నరంలో చిన్న చీలిక మొదలైందన్నాడు. ఆ సంగతి చెప్పడానికి నేను వెళితే మాస్టారు సముద్రం వైపు చూస్తూనే, "పరిగెత్తించి ఉంటే తెగిపోను. అందరి కళ్ళ ముందరా కాలు ఇరిగి పడిపోను" అన్నారు. కాసేపటికి, "నువ్వు అడ్డం నిలబడ్డావు సూడు, ఆ నిలబడ్డం నాను నేర్పింది కాదు. అది ఎక్కడిదో తెచ్చుకున్నావు. పోగొట్టుకోకు" అన్నారు.

ఆయనకు మరో ఏడు దొరికింది. ఎలా దొరికిందో నాకు తెలియదు. మొండితనం వల్లనే అనుకుంటాను. తరవాతి చలికాలం తనయ హైదరాబాదు వెళ్ళింది, ఈసారి నేనే ఒప్పుకుని పంపాను. పందెం చూడటానికి మేమిద్దరం పలాసలో రైలెక్కాం. పందేనికి ముందురోజు హైదరాబాదు ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకుని, తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చారు. మూర్తి గారు పైన యజమానుల గ్యాలరీలో కుర్చీ వేయించారు. ఆయన అక్కడికి పోలేదు. జనమంతా చూసే గెలుపు గీత దగ్గరా నిలబడలేదు. దాన్ని దాటి చాలా దూరం నడిచి, గుర్రాలు వేగం తగ్గించి ఆగే మలుపు దగ్గర కంచె పట్టుకుని నిలబడ్డారు. "ఇక్కడ ఏమీ కనబడదు కదా మాస్టారూ" అంటే, "గెలిసిందో నేదో వోళ్ళు అరుత్తారు, ఇనబడతాది. అది ఎలగ ఆగుతాదో ఇక్కడే కనబడతాది" అన్నారు.

తనయ గెలవలేదు. మెడ పొడవు తేడాతో రెండోదిగా వచ్చింది. ఆ అరుపులు మాకు గాలిలో తేలుతూ వచ్చాయి. తరవాత గుర్రాలు మలుపు తిరిగాయి. దౌడు తగ్గింది, అడుగులు విడివిడిగా కనిపించసాగాయి. మాస్టారు కంచె మీదికి వంగిపోయారు. నురగలు కక్కుతూ, చెవులు ముందుకు పెట్టుకుని, నడకలోకి దిగి తనయ మా ముందు నుంచి వెళ్ళింది. "సమంగా ఏత్తంది" అన్నారు. "సూడు, నాలుగూ సమంగా ఏత్తంది." ఆయన పట్టుకున్న కంచె గజగజ ఊగుతోంది. మూర్తి గారు కొద్దిగా నిరాశగా మా దగ్గరికి వచ్చి, ఇంకొంచెం ముందే దౌడు పెంచి ఉంటే గెలిచేది కదా అన్నారు. మాస్టారు ఆ మాట విన్నారో లేదో. నా చేతిలోని నీళ్ళసీసా లాక్కుని మూత తీశారు. నేను వద్దనబోయాను. "ఈయేల తాగుతానమ్మా" అన్నారు. గుటక తరవాత గుటక, సీసా ఖాళీ అయ్యేదాకా తాగారు. గడ్డం మీంచి నీళ్ళు తెల్లచొక్కా మీద కారాయి. ఆ రాత్రి రైల్లో ఆయాసపడ్డారు, మర్నాడు పలాసలో నర్సమ్మ మా ఇద్దర్నీ చెడామడా తిట్టింది. ఆయన మాత్రం ఆ యంత్రం పక్కన, జీవితంలో మొదటిసారి, హాయిగా నిద్రపోయారు.

తరవాతి వర్షాల్లో పోయారు. టెక్కలిలో చెల్లెలి ఇంట్లో, డయాలసిస్‌కి బయలుదేరబోతూ, చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉండగా. మంచం మీద పోలేదని ఆవిడ ఏడుస్తూనే చెప్పింది, అదేదో ఆయన సాధించినట్టు. సమాధి దగ్గర మా నాన్న గొడుగు మూసి వానలో నిలబడ్డాడు. కౌలుదారును ఎప్పుడూ ఏకవచనంలో తప్ప పిలవని మనిషి, పాస్టరు గారితో "సామేలు గారు మా అమ్మాయికి గురువండీ" అన్నాడు. నూకరాజు ఇప్పటికీ బారువలోనే ఉన్నాడు, ఆ షెడ్డులో కాళ్ళు దెబ్బతిన్న గుర్రాలు ఇప్పటికీ ఉన్నాయి. తనయ ఆ పైన ఒక పందెం గెలిచి, పరుగు మాని, ఇప్పుడొక గుర్రాల పెంపకం తోటలో పిల్లల తల్లి. నేను హైదరాబాదు వచ్చి, ఆయన శిష్యుడి దగ్గర కొన్నాళ్ళు పనిచేసి, నాకంటూ లైసెన్సు తెచ్చుకున్నాను. జీడిపప్పు వాళ్ళ అమ్మాయికి గుర్రాలేమిటని ఇక్కడా అడిగారు, అక్కడా అడిగారు. ఇప్పుడు అడగడం తగ్గింది.

ఈ చలికాలం ఒక సంగతి జరిగింది. నా దగ్గర గుర్రాలుంచిన ఒక యజమాని, ఆదివారం తన చుట్టాలందరినీ పందేనికి తీసుకువస్తున్నాడు. ఆ పొద్దున్న అతని గుర్రం కాలు నా చేతికి నచ్చలేదు. డాక్టరు చూసి పర్వాలేదన్నాడు. "ఖచ్చితంగా బాగాలేదా?" అని యజమాని అడిగాడు. ఖచ్చితంగా చెప్పలేనన్నాను, కాని దింపనన్నాను. సోమవారం తన గుర్రాలన్నిటినీ వేరే లాయానికి తోలించుకుపోయాడు. ఆ వారంలోనే అక్కడి శిక్షకుడు ఆ గుర్రాన్ని దింపాడు. అది పరిగెత్తింది, గెలిచింది, క్షేమంగా నడుచుకుంటూ ఇంటికి పోయింది. నేను కంచె దగ్గర నిలబడి చూశాను. ఆ కాలికి ఏమీ కానందుకు నిజంగానే సంతోషించాను. ఆ తరవాత వారం రోజులు తిండి సయించలేదు.

అప్పుడు మా అమ్మ నా దగ్గరే ఉంది. పలాస నుంచి వచ్చిన ఆవిడకు ఈ గోలంతా కొత్త. కాఫీ గ్లాసు చేతికిచ్చి, ఎదురుగా కూర్చుని అడిగింది. "మరైతే నువ్వే తప్పు సెప్పినట్టు కాదేటి?"

"అయ్యుండొచ్చమ్మా. ఆ రోజు వెచ్చగా ఉండి తరవాత చల్లబడి ఉండొచ్చు. నా చెయ్యే పొరబడి ఉండొచ్చు. ఎప్పటికీ తెలియదు."

"మళ్ళీ అలాగే వొత్తే?"

"మళ్ళీ ఆపుతాను."

మాస్టారు నాకు ధైర్యం ఇచ్చి వెళ్ళారని ఇక్కడివాళ్ళు అంటారు. ధైర్యముంటే నిద్ర పట్టేది. ఆయన ఇచ్చింది ఈ తెలియకపోవడం. దీన్ని మోస్తూనే, తెల్లారగానే మళ్ళీ ఒక కాలు పక్కన కూర్చుని, నా చేతికి తెలిసినంత మేరకు ఒక మాట చెప్పాలి. చెప్పి, ఆ మాట మీద నిలబడాలి. లోపల మాత్రం ఏదీ నిలబడదు.

"ఆ ముసిలాయన నాగే తయారైపోనావు. ఒక్క సిటం కూకోవే తల్లీ, కాఫీ అయినా కూకొని తాగు" అంది అమ్మ.

కూర్చున్నాను. రెండు గుక్కలు తాగాను. లాయం వైపు ఏదో గుర్రం డెక్కతో తలుపు తట్టింది. ఎందుకు తట్టిందో తెలియదు. గ్లాసు అమ్మ చేతిలో పెట్టి లేచాను.